చేటలో పెట్టిన విమానం

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన ఏడాదికి, ఆ మనిషి తన చేతులతో చేసిన వస్తువు ఒకదాన్ని చేటలో పెట్టి దీపం ముందు ఉంచుతాం. కొన్న వస్తువు పనికిరాదు. పెద్దల్లో ఒకరు "ఇది ఎవరి చెయ్యి?" అని అడుగుతారు. ఇంటి యజమాని పోయినవారి పేరు చెప్పి కర్పూరం చూపిస్తాడు. మరునాడు ఆ వస్తువును హొగేనకల్ తీసుకుపోయి కావేరిలో విడిచిపెడతాం. మా నాన్నకు ఆయన పేనిన మోకు పెట్టాం. అమ్మకు ఆమె అల్లిన ఈతాకు చాప. మా పెద్దలు ఎన్ని తరాల కింద తమిళనాట ఈ ధర్మపురి వైపు వచ్చారో మాకు తెలియదు. ఈ పద్ధతి మాత్రం వాళ్ళ వెంట వచ్చిందని అంటారు.

మా అమ్మాయి పంచవర్ణం పదహారేళ్ళకే కామెర్లతో పోయింది. చదువుకునే పిల్ల చేతులతో చేసిన వస్తువు ఏముంటుంది? పుస్తకాలు కొన్నవి. బట్టలు దర్జీ కుట్టినవి. వెతికితే ఒక్కటే కనబడింది. థర్మోకోల్ విమానం.

ధర్మపురికి అప్పుడప్పుడే టీవీలు వస్తున్నాయి. మా హెడ్మాస్టరు ఇంటికి టీవీ వచ్చినప్పుడు దాని పెట్టెలోని థర్మోకోల్ అడిగి తెచ్చుకుంది పంచవర్ణం. కూరగాయల కత్తిని కిరసనాయిలు స్టవ్ మీద కాల్చి, ఆ మందపాటి దిమ్మెను కొంచెం కొంచెంగా కోసి, రెక్కగా దిద్దింది. ఇల్లంతా ఘాటు వాసన. మా ఇంటావిడ సౌభాగ్యం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి అరిచింది.

"ఈ కంపులో సాంబారు ఎట్ల తినేదే?"

"నీ సాంబారు పైకి లేస్తాదా అమ్మా? ఇది లేస్తాది చూడు."

లేచింది. మిద్దె మీద నుంచి విసిరితే తిన్నగా పోయి పక్కవాళ్ళ ఎనుముల కొట్టంలో పడేది. ఎన్నిసార్లు విసిరినా అక్కడే. దాని రెక్క మీద నీలం సిరాతో తన పేరు తమిళ అక్షరాల్లో రాసుకుంది. "దీనికి రేడియో పెట్టి తిప్పాల నాయనా. దొరసామి సారు చేసిస్తానన్యాడు" అని చెప్పింది. ఆ తరువాత జ్వరం వచ్చింది.

దొరసామి మా బళ్ళో సైన్సు ఉపాధ్యాయుడు. నేను చరిత్ర చెబుతాను. అతనిది బి. మల్లాపురం. స్టాఫ్ రూములో మేమిద్దరమే తెలుగువాళ్ళం. పక్కన ఎవరూ లేనప్పుడు ఇంటి మాటలో మాట్లాడుకునేవాళ్ళం. నన్ను అన్నా అంటాడు. పాప పోయినప్పుడు పాడె ముందు కొమ్ము పట్టింది అతనే.

ఏడాది దినం ఇంకా కొన్ని నెలలు ఉందనగా, ఒక ఆదివారం ఎర్రటి బొమ్మ కారు ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అతని బావమరిది మద్రాసు బర్మా బజారులో కొన్నదట. చేతిలో పెట్టెకున్న బొత్తాం నొక్కితే కారు అటూ ఇటూ తిరుగుతుంది. తీగ లేదు.

"అన్నా, ఈ కారు కడుపులో ఉండేది విమానం కడుపులో పెడితే చాలు. కింద నుంచి మనం చెప్పినట్ల తిరగతాది."

"అంత బరువు మోస్తుందా?"

"చక్రాలు, మోటారు తీసి పారేస్తాను. ఈ చిన్న బోర్డు, తోక తిప్పేదానికి ఒక కాయిలు, కెమెరా ఫ్లాషుకు వేసే ఛార్జింగు సెల్లులు. అంతే."

"మరి ఇంజను?"

"ఇంజను ఏమిటికి? గుట్ట మీద నుంచి ఇసిరితే గాలే ఇంజను. పాపకు మాటిచ్చినాను అన్నా. చేసిస్తానంటిని."

సౌభాగ్యం గడప దగ్గర నిలబడి వింటోంది. "సుమ్మా, ఊరికే ఉండండి. ఉన్నది ఉన్నట్ల ఉండనీ. ఏమిటికి ఇచ్చేది?" అంది.

"నీళ్ళలో విడిచే లోపల ఒక్కసారి అది అనుకున్నట్లు ఎగరనీ" అన్నాను.

ఆమె లోపలికి పోయింది.

నేను దొరసామికి ఒక్కటే చెప్పాను. తోక నీ ఇష్టం, కింద పొట్ట నీ ఇష్టం. రెక్క మాత్రం కోయకూడదు, చీల్చకూడదు, రంగు పూయకూడదు.

"రెక్క మీద బ్లేడు పెట్టను అన్నా. మా అమ్మ మీద ఒట్టు."

మొదట్లో స్టాఫ్ రూములో రోజూ ఏదో ఒకటి చెప్పేవాడు. బోర్డు అంచులు రంపంతో కోసి బరువు తగ్గించానని, సన్నని రాగి తీగ ఒకటి తోక వెనక వేలాడాలని, అది లేకపోతే కింద నుంచి చెప్పే మాట విమానానికి వినబడదని. కాయిలుకు అయస్కాంతం అతికించి తోకను చప్పట్లు కొట్టినట్లు అటూ ఇటూ ఆడించానని ఒక రోజు చెయ్యి ఊపి చూపించాడు. పక్కనున్న డ్రిల్లు మాస్టరు, "ఏమప్పా, నీకు తోక మొలిచిందా?" అని తమిళంలో అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాప పోయాక బళ్ళో నేను నవ్వడం అదే మొదలు.

తరువాత కొన్నాళ్ళు అతను విమానం ఊసు ఎత్తలేదు. అడిగితే పరీక్ష పేపర్లు అన్నాడు, మామగారికి ఒంట్లో బాగాలేదన్నాడు. నేను తొందర పెట్టలేదు.

మాఘం పోయాక, కోతలు అయిపోయిన పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు, ఏరియూరుకు రమ్మన్నాడు. అది అతని అత్తగారి ఊరు. ఊరి బయట ఒక బోడి గుట్ట ఉంది. సౌభాగ్యం తానూ వస్తానంది. పెన్నాగరం దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఇంకొకటి. దారి పొడవునా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

దొరసామి మాకంటే ముందే గుట్ట మీద ఉన్నాడు. విమానాన్ని పాత దుప్పటిలో చుట్టి తెచ్చాడు. విప్పి నా చేతుల్లో పెట్టాడు. పొట్ట కింద అట్ట డబ్బా, తోకలో కదిలే ముక్క, వెనక వేలాడే తీగ. రెక్క అంచుల్లో కత్తి మసి ఉంది. నీలం సిరాలో పేరు ఉంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి కొంచెంసేపు అలాగే నిలబడ్డాను. అది నాకు మా పాప చెయ్యి పట్టుకున్నట్లే ఉంది. ఇద్దరూ నా వైపు చూడలేదు. నా దుఃఖాన్ని గౌరవిస్తున్నారని అనుకున్నాను.

"ఇసురు అన్నా. గాలికి ఎదురుగా. గట్టిగా కాదు, పావురాన్ని వదిలినట్ల."

విసిరాను. విమానం కొంచెం కిందికి దిగి, గాలి అందుకుని లేచింది. దొరసామి బొత్తాం నొక్కాడు. తోక కదిలింది. రెక్క ఒక వైపు వంగి, విమానం మెల్లగా ఎడమకు తిరిగింది. తిరిగి, మా తలల మీదుగా, మా వైపే వచ్చింది. నా పక్కన సౌభాగ్యం రెండు చేతులూ జోడించింది. ఆ ఒక్క చుట్టు తిరిగినంతసేపు నాకు లోకంలో ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు. అది నిజం కనుక రాస్తున్నాను.

రెండో చుట్టులో గాలి మారింది. దొరసామి కుడి వైపు నొక్కాడు. విమానం వినలేదు. ముక్కు దించి గుట్ట కింద బండకు తగిలింది.

ముందు చేరింది నేనే. రెక్క మధ్యకు విరిగి ఉంది. విరిగినచోట లోపల రెండు పలచటి పలకలు, వాటి మధ్య మైదా పేస్టు, దాని మధ్య నిడివిగా ఒక వెదురు పుల్ల.

మా పాప రెక్క ఒకే దిమ్మె. టీవీ పెట్టెలో వచ్చిన దిమ్మె. నేను పక్కన కూర్చుని ఉండగా కోసింది.

దొరసామి ఎగపోస్తూ వచ్చాడు. "ఏమీ కాలేదు అన్నా, అతికించేయొచ్చు."

"ఇది ఏమిటి?"

"అది... బలానికి పెట్టినాను. లేకపోతే వంగతాది గదా."

"ఒక దిమ్మె రెండు పలకలు ఎట్లా అయింది?"

అతను విమానం వైపు కాకుండా నా వెనక చూశాడు. వెనక్కి తిరిగాను. సౌభాగ్యం చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని రాళ్ళ మీద నుంచి దిగి వస్తోంది.

"చెప్పేయి దొరసామీ. ఇంక ఏమిటికి దాచేది?" అంది.

దొరసామి చెప్పాడు. డబ్బా అతికించడానికి సైకిలు పంచరు సొల్యూషన్ పూశాడట. పొద్దున చూస్తే అది థర్మోకోలును తినేసింది. రెక్క మధ్యలో గుంట పడి, పొట్ట చొట్టబోయి, అంటుకుపోయి ఉంది.

"సైన్సు చెప్పేవాణ్ణి అన్నా నేను. పెట్రోలు కలిసినదేదైనా థర్మోకోలును కరిగిస్తాదని బోర్డు మీద రాసి చెప్పినవాణ్ణి. ఆ పొద్దు తోచలేదు. నీకు మొహం చూపించలేక వదిన దగ్గరికి పోయినాను."

"ఇంకొకటి చేయమన్నది ఎవరు?"

"నేను" అంది సౌభాగ్యం.

"పేరు రాసింది?"

"నేనే. దానికి పలక మీద అక్షరాలు దిద్దించింది నేను గదా. దాని రాత నా రాతే."

నా వేలి కొసకు నీలం రంగు అంటి ఉందేమోనని చూసుకున్నాను. లేదు.

"ముందరిది ఎక్కడ ఉంది?"

దొరసామి మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"పారేసినాను" అంది సౌభాగ్యం.

తిరుగు బస్సులో దొరసామి నా పక్క సీటులో కూర్చుని, "అన్నా, కొట్టు, తిట్టు, ఏమన్నా అను" అన్నాడు. నేను అతనికి తమిళంలో, దిగవలసిన ఊరు వచ్చిందని మాత్రం చెప్పాను.

విరిగిన రెక్కను సౌభాగ్యం అతికించింది. మా ఇద్దరి మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు. ఏడాది దినానికి ముందు రోజు చేట కడిగి, పసుపు రాసి, దానిలో ఆ విమానాన్ని పెట్టడం చూసి నేను ఊరుకోలేకపోయాను.

"దాన్ని తియ్యి. పాప చేసింది ఏమీ లేదని మా అక్కకు చెబుతాను. వట్టి చేట పెడదాం. పారేసినదానికి బదులు దొంగది పెట్టకూడదు."

ఆమె చేట ముందు నుంచి లేవలేదు.

"పారేయలేదు" అంది.

"ఏమన్నావు?"

"నా దగ్గరే ఉండాది."

"ఎక్కడ?"

"చెప్పను."

నేను కోపంగా మాట్లాడే మనిషిని కాదు. అప్పుడూ మెల్లగానే మళ్ళీ అడిగాను.

"చెప్తే మీరు తెస్తారు. తెచ్చి రేపు చేటలో పెడతారు. ఎల్లుండి ఏట్లో ఇడిచిపెడతారు. మీకు పద్ధతి ముఖ్యం. దొరసామి ఏడ్చుకుంటా వచ్చి అది నా ముందర పెట్టినప్పుడు నాకు కోపం రాలేదు. మంచిదే అయిందని తోచింది. ఇంకొకటి చెయ్యి, ఆ ఏరు దాన్ని తీసుకోనీ, ఇది నాకుంటాదని చెప్పినాను. చొట్టబోయినా నా బిడ్డ చెయ్యి అది."

"నాకు బిడ్డ కాదా?"

"మీకు ఇసిరేదానికి ఒకటి చేసిస్తిమి గదా" అంది.

ఆ మాట అన్న తరువాత ఆమె ముఖం చూస్తే, అనాలని అనుకోలేదని తెలిసింది. కాని అనేసింది. నేను వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. గుట్ట మీద ఆమె జోడించిన చేతులు గుర్తుకు వచ్చాయి. ఆ దండం ఎవరికి పెట్టిందో నాకు ఇప్పుడు తెలియదు. ఇన్ని నెలలుగా ఒకే ఇంట్లో, కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నాం. నేను చూడాలని తపించిన వస్తువు ఆ గోడల మధ్యే ఎక్కడో ఉంది. ఆమె నేను లేనప్పుడు దాన్ని తీసి చూసుకుంటోంది. బహుశా ఒడిలో పెట్టుకునేది. నాకు మటుకు ఆమె చేతిరాత చూపించారు.

మరునాడు బంధువులు వచ్చారు. మా అక్క గోవిందమ్మాళ్ పెద్దది కనుక దీపం పక్కన కూర్చుంది. పాప ఫోటోకు పూలు పెట్టారు. దొరసామి భార్యతో వచ్చి వాకిలి దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు, పొమ్మనీ అనలేదు.

అక్క చేటలోకి వంగి చూసింది. "ఎంత పనితనమో చూడే, ఆడపిల్ల చేసిందంటే ఎవరన్నా నమ్ముతారా?" అని పక్కావిడకు చూపించి, కళ్ళు తుడుచుకుంది. తరువాత నిటారుగా కూర్చుని నా వైపు తిరిగింది.

"ఒరే రామా, ఇది ఎవరి చెయ్యిరా?"

కర్పూరం వెలిగించిన పళ్ళెం నా చేతిలో ఉంది. దొరసామి తల వంచుకున్నాడు. సౌభాగ్యం మాత్రం నన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. నేను నిజం చెబితే అక్క లేచి ఇల్లంతా వెతికిస్తుంది. మా అక్క సంగతి మా ఇద్దరికీ తెలుసు. దొరికితే అది కావేరికి పోతుంది. నేను దాన్ని ఒక్కసారి చూడగలను. ఒక్కసారి.

"మాట్లాడవేంరా? కర్పూరం అయిపోతా ఉండాది."

"పంచవర్ణం చెయ్యి" అన్నాను.

గదిలో ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు. నేను ఆ విమానానికి కర్పూరం చూపించాను. దొరసామి వాకిట్లో నేల మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. సౌభాగ్యం ఏడవలేదు. దీపంలో నూనె తగ్గిందని లేచి లోపలికి వెళ్ళింది. ఆమె ఏ గదిలోకి వెళుతుందో నేను చూడలేదు.