కస్తూరి పట్టీ

కోడలి కడుపు సంగతి మూడో మనిషి చెవిన పడకూడదని హైమావతి పంతం. అప్పటికే రెండు కడుపులు పోయాయి, అంతా దిష్టేనని ఆవిడ నమ్మకం. అందుకే సింగపూర్ బెడోక్‌లోని వాళ్ల బ్లాకులో లిఫ్టు ఎక్కితే చాలు, ఐదో నెల కోడలు నిఖిల చేత పొట్టకు అడ్డంగా కూరల సంచీ పట్టించేది. ఆ చాటున పొట్ట దాగుతుందనుకున్న అమాయకురాలు ఆవిడొక్కతే.

కొడుకు ఆకాష్ వైటూకే కంప్యూటర్ పని పేరు చెప్పి ఆఫీసులోనే కాపురం పెట్టాడు. ఇక్కడ నిఖిల నడుంనొప్పితో మెలికలు తిరుగుతుంటే చూడలేక, హైమావతి పక్క బ్లాకు కిందున్న చైనా మందుల కొట్టుకు వెళ్లింది. ఎవరికని కొట్టాయన అడిగాడు. తనకేనని నడుం చూపించింది. ఆ నెరిసిన జుట్టు చూసి ఆయన ఇంకేమీ అడగలేదు. ఇచ్చిన పట్టీని వాసన చూస్తే పచ్చకర్పూరం, కస్తూరి. బాలింతలకూ పసివాళ్లకూ కస్తూరి మాత్రలు అరగదీసి పెట్టిన చెయ్యి ఆవిడది, ఇక భయమేముంది? ఆ సాయంత్రమే కోడలి నడుముకు అంటించింది.

మర్నాడు ఇంకో పట్టీకి వెళ్తే, ముందు నిలబడ్డ ఓ గర్భిణి కూడా అదే అడుగుతోంది. కొట్టాయన తల అడ్డంగా ఊపాడు.

"బేబీ ఇన్‌సైడ్, కెనాట్ లా. మస్క్."

మస్క్ అంటే ఏమిటో పట్టీల పెట్టె మీది కస్తూరి జింక బొమ్మే చెబుతోంది. ఆయన చెప్పేదాన్ని బట్టి అది రక్తాన్ని కదిలించే సరుకట, కడుపు నిలవనివ్వదట. హైమావతి పట్టీ మాట మరిచి వెనుదిరిగింది. పడుతూ లేస్తూ ఇంటికి చేరేసరికి నిఖిల బాత్రూం గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. బట్టలకు ఎర్రటి మరక కనిపించిందని చెప్పింది.

పట్టీ ఊడదీసి పారేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"నాదే తప్పమ్మా. కడుపుతో ఉన్నావని కొట్లో చెప్పలేదు. ఈ పట్టీ నీకు వెయ్యకూడదంట."

వెంటనే ఆసుపత్రికి బయల్దేరారు. టాక్సీలో అత్తగారు చెయ్యి పట్టుకోబోతే నిఖిల వెనక్కి తీసుకుంది.

బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నాడు డాక్టరు. పట్టీ వల్లో కాదో చెప్పలేనన్నాడు. కదలకుండా పడుకోవాలని, కొన్నాళ్లు గడిస్తే గానీ ఏ మాటా ఇవ్వలేనని అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు లిఫ్టులో ఎదురింటి చైనా ఆంటీ ఎక్కింది. నిఖిల అలవాటుగా మందుల సంచీ పొట్టకు అడ్డం పెట్టుకుంది. హైమావతి ఆ సంచీ మెల్లగా తన చేతిలోకి తీసుకుంది.

"మై డాటరిన్లా," అంది ఆంటీతో. "బేబీ ఇన్‌సైడ్."

ఆ మాట అంటూనే అక్కడే ఏడ్చేసింది.