ఎండాకాలపు నీటి వంతులు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎవరు చేశారు? మిగిలిన సంగతుల కంటే ముందు దీనికి జవాబు చెప్పడం ధర్మం. అన్యాయం జరిగింది సంతోషమ్మకు. చేసినవాడు జయరావు, ఆమె భర్తకు స్వయానా అన్న. అతడు తీసుకున్నది నీళ్ళు.

వడమాలపేటకు కూతవేటు దూరంలో ఆ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే బావి. నీళ్ళు తోడే కపిల ఒక దినం అన్న వంతు, మరుసటి దినం తమ్ముడి వంతు. ఎద్దులు వాలుదారిలో దిగుతూ మోకు లాగితే, తోలుసంచి నిండుగా పైకి వచ్చి కాలువలోకి కుమ్మరించేది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం, తమ్ముడు దేవదానం జ్వరంతో పోయాడు. సంతోషమ్మ కన్నీళ్ళు ఆరకముందే ఆమె రాగిచేను వాడుముఖం పట్టింది. అరువు ఎద్దులను కుదుర్చుకుని ఆమె కబురు పంపితే, బావిలో ఊట పడిపోయిందనీ, సంచి మునగడం లేదనీ జయరావు చెప్పి పంపించాడు. అది అబద్ధం. ఆమె వంతు నీళ్ళు అతడి చెరకుతోటలో పారుతున్నాయి. ఆ ఏడు ఆమె రాగులు గింజ పట్టలేదు. సంతోషమ్మ బిడ్డను చంకన వేసుకుని పోయి, రేణిగుంట రైలుకట్ట మీద కంకర కొట్టి బతికింది; కొన్నాళ్ళకు గాని ఊరికి తిరిగి రాలేదు.

జయరావు పేరుమోసిన దుర్మార్గుడేమీ కాదు. ఊళ్ళో క్రైస్తవుల గడ్డికప్పు గుడికి అతడే పెద్ద. వాక్యం చెప్పే ఉపదేశి పుత్తూరు నుంచి నెలకొకసారి వచ్చేవాడు. మిగిలిన ఆదివారాల్లో ప్రార్థన జయరావుదే. కపిల తోలేటప్పుడు ఎద్దులకు బరువు సాయంగా మోకు మీద కూర్చుని, పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టు దేవునితో మాట్లాడటం అతడికి చిన్ననాటి అలవాటు. ఆ ఎండాకాలం తర్వాత ఆ మాటలు రావడం మానేశాయి. గుడిలో నిలబడితే గొంతు పలికేది గాని, ఖాళీ గాదెలోకి కేక వేసినట్టుండేది. దేవుడు తన మీద అలిగి దూరం జరిగాడనుకున్నాడు. బతిమాలుకుంటే తిరిగి వస్తాడనుకుని, కోతపండుగకు మేలైన బెల్లం దిమ్మె తెచ్చి గుడిలో బల్ల మీద అర్పణగా పెట్టాడు. మరుసటి ఏడు రెండు పెట్టాడు.

"ఇన్నిన్ని దిమ్మెలు మోసకపోతా ఉండావే, దేవుడేమన్నా పొంగలి పెడతానన్నాడా?" అని అతడి భార్య చంద్రకాంతమ్మ ఎకసెక్కమాడింది.

యుద్ధం ముగిసిన మరుసటి వేసవి, ఒక ఆదివారం, మిషను బడిలో చదువుకున్న సంతోషమ్మ వంతుకు పాఠం చదవడం వచ్చింది. యెషయా ప్రవక్త తన జనాన్ని నిలదీసిన భాగం అది. దేవుని చెయ్యి కురచ కాలేదనీ, చెవి మందగించలేదనీ, మనుషులు చేసిన దోషాలే నడుమ అడ్డు నిలిచి ఆయన ముఖాన్ని మరుగుపరిచాయనీ ఆమె తొణకకుండా చదివింది. బావ వైపు చూడనైనా లేదు. జయరావుకు మాత్రం అప్పుడు తెలిసింది. దేవుడు ఉన్నచోటనే ఉన్నాడు. గోడ కట్టినవాడు తాను. పైగా ఆ మట్టిని సంతోషమ్మ నీళ్ళతోనే తడిపాడు.

ఆ సాయంత్రమే ఆమె వాకిట్లోకి వెళ్ళాడు. ఆమె రాగులు చెరుగుతోంది.

"సంతోషమ్మా, ఆ యేడు బావిలో ఊట పడిపోలేదు."

చేట ఆగలేదు. "తెల్సు బావా."

"ఎట్ల తెల్సు?"

"నువ్వు ఊట లేదన్న దినం మాపటేళ బావికాడికి వచ్చి సంచి పట్టుకొని సూసినాను. తోలు ఎండితే బిరుసెక్కుతాది. అది మెత్తగా ఉండె. అంచున నీళ్ళు కారతా ఉండె."

"తెల్సి కూడా ఇన్నేండ్లు నోరెత్తలేదే!"

"అడిగుంటే నలుగుర్లో కాదనేవాడివి. ఒక అబద్ధం రెండయ్యేది."

జయరావు తల వంచుకున్నాడు. "దేవుణ్ణి దినామూ క్షమించమని అడుగుతానే ఉండాను."

"ఎండింది ఆయన చేను కాదు గదా! మోషే ధర్మంలో ఏముండాది? తీసుకున్నది, దాని మీద అయిదో వంతు, పోగొట్టుకున్నోళ్ళకి ఇచ్చినాకనే అర్పణ. నావి పది దినాల నీళ్ళు పోయినాయి."

"పన్నెండు దినాలు తోలిస్తాను. వానలు పడనీ, బావి నిండుతానే..."

"వానల్లో నీళ్ళు కప్పలకు పొయ్యి బావా! ఎండల్లో తీసుకున్నావు, ఎండల్లోనే ఇయ్యి. నీ వంతు దినాలు, నీ ఎద్దులు, నీ చేతులు."

అంటే అన్ని దినాలూ అతడి చెరకుకు చుక్క నీరుండదు. ఇంటికి వచ్చి చెబితే చంద్రకాంతమ్మ నెత్తి కొట్టుకుంది.

"తోట ఎండబెట్టి మరదలికి నీళ్ళు పెడతావా? పిచ్చి పట్టినాదా నీకు?"

"ఇన్నేండ్లూ పట్టుండె. ఇప్పుడు వదల్తా ఉండాది."

మరుసటి ఆదివారం గుడిలో లేచి నిలబడి, చేసిన తప్పు దాచకుండా చెప్పి, తనను పెద్దరికం నుంచి తీసేయమన్నాడు. చివర కూర్చున్న ముసలి కుప్పయ్య దగ్గి, "ముందు ఆ యమ్మకు నీళ్ళు పెట్టప్పా. నీ పెద్దరికం సంగతి మెల్లగా సూస్తాం" అన్నాడు. అందరూ నవ్వారు, జయరావు కూడా.

ఆపైన తన వంతు వచ్చిన ప్రతి దినమూ సంతోషమ్మ చేనికి కపిల తోలాడు. నీళ్ళు అందక బీటలు తీసిన ఆమె పైచెక్క చేను నల్లబడి, మెత్తబడింది; అందులో రాగిపైరు తలెత్తింది. గట్టుకు ఇవతల అతడి చెరకు ఆకుల అంచులు పండుబారాయి. అది చూసి మొదట్లో గుండె చివుక్కుమనేది. ఒక దినం మోకు మీద కూర్చుని, ఎర్రెద్దును మొండిదానివని తిట్టి, అదే ఊపులో, "ఈ ఎండ నీకైనా ఎక్కువనిపించడం లేదా తండ్రీ?" అన్నాడు. అన్న తర్వాత గాని ఎవరితో మాట్లాడుతున్నాడో అతడికి తెలిసిరాలేదు. మోకు గట్టిగా పట్టుకుని, కొండల వైపు చూస్తూ, వాలుదారి పొడవునా మాట్లాడుతూనే దిగాడు.

పన్నెండో దినం పొద్దు వాలగానే ఎద్దుల కాడి విప్పబోయాడు. పార భుజాన వేసుకున్న సంతోషమ్మ చేని చివరి నుంచి కేకేసింది.

"పొద్దింకా మునగలేదు బావా! కడసాలు తడవలేదు!"

"నీ లెక్క మోషే కంటే గట్టిది తల్లీ!" అని జయరావు పకపకా నవ్వి, మళ్ళీ కాడి కట్టాడు.

సంచి నిండుగా వచ్చింది. ఆ వెనుక ఇంకొకటి. నీరు కాలువ వెంట నింపాదిగా సాగి, మలుపు తిరిగి, కడసాలు మొదట్లో ఇంకింది. ఆమె వంగి ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసుకుంది. తర్వాత తన చేని కాలువకు పారతో మట్టి అడ్డం వేసి, చెరకుతోట వైపు గండి కొట్టింది.

"తీరింది బావా," అంది.