కాయ కింద కొట్టాలా, పండు కింద కొట్టాలా?

ఇలా రావే సాయిదుర్గా, వచ్చి ఈ చాప మీద కూర్చో. ఆ కొత్త కార్డు చేతిలోనే ఉంచుకో, అది చూసే నిన్ను పిలిచాను. మా పక్కింట్లోనే ఉన్నా మీ అత్తగారికి ఈ సంగతి సగమే తెలుసు. మిగతా సగం నా నోటితోనే చెప్పాలి, ఎందుకంటే ఇందులో బుద్ధి తక్కువ మనిషిని నేనే.

పోయిన వేసవికి ముందు మా మనవరాలు హరిచందన బడిలో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయింది. నర్సు రూబీ గారు వేలికి సూది గుచ్చి చూసి, పిల్లకు రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. బిళ్ళలు ఇచ్చి, వాటితోపాటు ఆకుకూరలూ పండ్లూ తప్పకుండా పెట్టమన్నారు. సెలవులయ్యేలోగా రక్తం పెరిగితేనే కబడ్డీ జట్టులో ఉంచుతానని ఆటల మాస్టారు చెప్పేశారు. ఆ పిల్లకు కబడ్డీ అంటే ప్రాణం. మా ఇంటి గుమ్మం కూడా కూత పెట్టుకుంటూనే దాటుతుంది.

మాలాంటి ఇళ్ళకు అప్పుడే ప్రభుత్వం కాయగూరల కార్డు ఇచ్చింది. నెలనెలా అందులో డబ్బు పడుతుంది. రైతుబజారులో కూరగాయలకూ పండ్లకూ తప్ప అది దేనికీ పనికిరాదు. నా కొడుకు ప్రసన్నకుమార్ కడియం మొక్కల లారీ తీసుకుని ఉత్తరాదికి వెళ్ళాడు. కోడలు తెల్లారకుండానే నర్సరీ పనికి పోతుంది. అందుకని కార్డు నా చేతికి వచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

రైతుబజారులో నా కంటికి తోటకూర కనపడలేదు, జామపండు కనపడలేదు. జానకిరామ్ కొట్టు ముందు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు గుట్టగా పోసి ఉన్నాయి. టెంక ముదిరి, గట్టిగా, ఆవకాయ కోసమే పుట్టినట్టున్నాయి. ఆకుకూర రెండు రోజుల్లో వాడిపోతుంది, ఊరగాయైతే ఏడాదంతా ఉంటుంది కదా అని లెక్క వేసుకున్నాను. ఎంత తెలివో చూడు.

"ఇవన్నీ ఇచ్చెయ్ బాబూ."

జానకిరామ్ కార్డు గీకే మిషను చేతిలోకి తీసుకున్నాడు. "మామ్మగారూ, కూరగాయల కింద కొట్టమంటారా, పండ్ల కింద కొట్టమంటారా అండి?"

"దేని కింద కొడితే ఎక్కువొస్తాయో దాని కిందే కొట్టు."

"రెండూ ఒకటేనండి."

"మరి అడగడం ఎందుకయ్యా? సరే, పక్క కొట్టులో నూనే ఆవపిండీ కూడా దీంట్లోనే కొట్టించు."

"నూనె కాయా, పండా అండి? కార్డు ఒప్పుకోదు."

"ఆవాలు మొక్కకే కాస్తాయి, నువ్వులూ మొక్కకే కాస్తాయి. మీ మిషనుకి వ్యవసాయం తెలీదేంటి?"

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేను గెలిచాననే అనుకున్నాను. నూనె మాత్రం రాలేదు.

ఇంటికొచ్చాక హరిచందన బుట్టలోకి తొంగి చూసింది. "ఇదేంటి మామ్మా? ఊరగాయ తింటే రక్తం పడుతుందా?"

"ఎందుకు పట్టదే? ఎర్రగా ఉంటుంది కదా!"

పిల్ల నవ్వలేదు. గడప మీద కూర్చుని మోకాళ్ళలో మొహం దాచుకుంది. "నన్ను జట్టులోంచి తీసేస్తారు" అంది. తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది. అయినా తప్పు ఒప్పుకునే నోరు కాదుగా ఇది! "మీ నాన్న రానీ, నూనె తెస్తాడు. ఊరగాయ కలిపి ముద్దలు పెడతాను" అన్నాను.

వాడి లారీ దారిలో మరమ్మతుకు ఆగిపోయింది. కాయలు దెబ్బ తినకూడదని బుట్టలో మెత్తగా ఎండుగడ్డి పరిచి, పైన కూడా కప్పి, మంచం కిందకు తోశాను. విన్నావా? నర్సరీలో నలభై ఏళ్ళు మామిడి అంట్లు కట్టిన చేతులివి. గడ్డిలో పెడితే కాయ మాగుతుందని నాకు ఇంకొకరు చెప్పాలా? ఎవరూ చెప్పలేదు, నాకూ గుర్తు రాలేదు.

కొన్నాళ్ళకు ఇల్లంతా ఒకటే కమ్మని వాసన. కొడుకు నూనె డబ్బాతో దిగేసరికి బుట్టలో ఒక్క కాయ లేదు, అన్నీ పండ్లే! హరిచందన పొట్ట పట్టుకుని నవ్వింది. "మామ్మా, వెళ్ళి జానకిరామ్ గారికి చెప్పిరా, పండ్ల కిందే కొట్టుకోమని!"

రసం మోచేతుల దాకా కారుతుంటే రోజూ తినేది. ఆ మరుసటి నెల కార్డు నా చేతిలోంచి లాక్కుని తనే బజారుకు వచ్చింది. తోటకూర, బచ్చలికూర, జామపండ్లు తనే ఏరుకుంది. నేను సంచీ మోశాను, అంతే.

బడి తెరిచాక రూబీ గారు మళ్ళీ సూది గుచ్చారు. రక్తం పెరిగింది, జట్టులో చోటు నిలిచింది. ఆవిడ అక్కడున్న తల్లులందరికీ నన్ను చూపించి, "ఈ మామ్మగారిని చూసి నేర్చుకోండి. మనవరాలి కోసం పండ్లు ఇంట్లోనే మాగబెట్టారు" అన్నారు. నేను సిగ్గు లేకుండా తల ఊపాను. హరిచందన నా చెవి పక్కకు చేరి సన్నగా "కబడ్డీ, కబడ్డీ" అని కూత మొదలుపెట్టింది. ఇంకేం చేస్తాను? పట్టుబడిపోయి, రూబీ గారికి మొత్తం కక్కేశాను.

ఆ ఏడంతా మీ అత్తగారి జాడీలోంచే ఊరగాయ అడిగి తెచ్చుకున్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఆవిడకు తెలిసిన సగం అదే.

ఇప్పుడు నీకూ కార్డు వచ్చింది. బజారుకు నీ పిల్లల్ని తీసుకెళ్ళు, వాళ్ళు తినేదే కొను. నీ తరవాత కార్డు అందుకునే వాళ్ళకు ఈ సంగతి గుర్తు పెట్టుకుని చెప్పు. గడ్డి సంగతి మాత్రం నర్సరీ వాళ్ళ దగ్గర ఎత్తకు, నా పరువు పోతుంది. కాదులే, అదీ చెప్పు. నన్ను చూసి నవ్వుకుంటేనే వాళ్ళకు గుర్తుంటుంది.