అంటుకున్న పేజీలు

అమ్మమ్మది గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడే గుండె. యుద్ధం గురించిన బొమ్మల పుస్తకం మనవరాలు బడి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచీ ఆ గుండెకు కుదురు లేదు. తలా ఒక బొమ్మ చూపించి పిల్లలే తరగతికి కథ చెప్పాలట. మనవరాలి వంతుకు రైలు బొమ్మ వచ్చింది. కిక్కిరిసిన పెట్టె, కిటికీలోంచి చెయ్యి చాచిన చిన్నపిల్ల, కింద పరుగెత్తుతున్న అక్క.

పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. అచ్చుకాగితం కనబడితే వదలదు. ఆ ఒక్క పేజీని మాత్రం చూడలేకపోయింది. పిల్ల స్నానానికి వెళ్ళగానే బొమ్మ మీద జిగురు రాసి, ఎదుటి పేజీతో కలిపి అదిమేసింది. పాలుగారే పసిదానికి ఆ రైలెందుకు?

మర్నాడు బడికి పెద్దవాళ్ళనీ రమ్మన్నారు. వెనక చిన్న బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది అమ్మమ్మ.

"టీచర్, పేజీ అతుక్కుపోయింది!"

"జామ్ తింటూ చదివావేమిటే?" తరగతంతా గొల్లున నవ్వింది. "పోనీలే, గుర్తున్నంత చెప్పు."

పిల్ల పుస్తకం మూసేసింది.

"ఒక అక్క, ఒక చెల్లి. చెల్లిని కిటికీలోంచి లోపలికి తోసేశారు. అక్కకి చోటు లేదు. రైలు కదిలింది. అక్క చెల్లి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. 'వదలకే చిట్టీ, చెయ్యి వదలకే' అంది. ప్లాట్‌ఫాం అయిపోయింది."

"తర్వాత?" అన్నాడు ముందు వరుస పిల్లాడు.

"తర్వాత మా అమ్మమ్మకి మెలకువ వచ్చేస్తుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ తడిగుడ్డ అద్ది, గోటితో మెల్లగా ఆ పేజీలు విడదీసింది. విడిపోయాయి గానీ, కిటికీలోని పిల్ల ముఖం కాస్తా ఊడి, అటు పేజీకి మరకలా అంటుకుపోయింది.

"చేశావూ నిర్వాకం!" అని పిల్ల పెన్సిల్ తెచ్చుకుంది. "చిన్నమ్మమ్మ ఎలా ఉండేదో చెప్పు, గీస్తాను."

అమ్మమ్మ నోరు తెరిచింది. రెండు జడలు గుర్తున్నాయి. గౌనుకు ఊడిన గుండీ గుర్తుంది. చేతిలో చెమటకు జారిన ఆ చెయ్యి గుర్తుంది. ముఖం మాత్రం ఎంత వెతికినా రాలేదు.

"నీలాగే ఉండేదే తల్లీ," అంది చివరికి. నిజమో కాదో ఆవిడకే తెలియదు.

పిల్ల గోడ మీది చిన్న అద్దం దించింది. అందులో తనను చూసుకుంటూ రైలు కిటికీలో తన కళ్ళు గీసింది, తన ముక్కు గీసింది. చూస్తూ చూస్తూ అమ్మమ్మ పిల్ల ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అబ్బా, వదులు అమ్మమ్మా! అద్దం పట్టుకోవాలి."

ఆవిడ వదల్లేదు.