ఎలుకలకు పసుపు బొట్లు

అక్షరాలు నాకు ఆలస్యంగా పట్టుబడ్డాయి. ఎక్కడైనా ఒత్తు జారిపోతే సర్దుకుని చదువుకోండి. ఒక్కో వాక్యం రాయడానికి నాకు చాలా పొద్దు పడుతుంది. అందుకే ఎక్కువ రాయను. మా వీధి గురునాథరావు సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

గురునాథరావు పరవాడలో ఒక ల్యాబులో ఎలుకల గది చూసుకుంటాడు. ఇంట్లో ఎలుక కనబడితే మంచమెక్కి కూర్చునే మనిషని భార్య కనకరత్నం వీధంతా చెప్పింది కానీ, ఆ గదిలో మాత్రం ఆయన మాటే మాట. అక్కడుండేవి తెల్ల ఎలుకలు. ఫ్యాక్టరీల్లో వాడే రసాయనాలు మనుషులకు హాని చేస్తాయా, ఏళ్ళ తరబడి పీలిస్తే కేన్సర్ తెస్తాయా అన్నది ముందు వాటి మీద పరీక్షించి చూస్తారు. ఇప్పుడు పరీక్షిస్తున్నది ఓడల రంగులో కలిపే థిన్నర్. కొన్ని ఎలుకలను రోజూ గాజుపెట్టెలో ఉంచి దాని ఆవిరి పట్టిస్తారు. మిగతావాటికి మంచి గాలే. చివరికి రెండు రకాలనూ కోసి, గడ్డలు దేనికి వచ్చాయో, దేనికి రాలేదో పోల్చుతారు.

ఆ థిన్నర్ వాసన గురునాథరావుకు కొత్త కాదు. బావమరిది సత్యం గుమ్మంలో అడుగు పెడితే ఇల్లంతా అదే వాసన. సత్యం పోర్టులో ఓడలకు రంగులు వేస్తాడు. గాలాడని ఓడ కడుపులోకి దిగి రోజంతా బ్రష్షు ఆడించే మనిషి, ముక్కుకు చేతిరుమాలైనా కట్టుకోడు. ఆదివారం అక్క వండే చేపల పులుసుకు వచ్చి, పీట మీద కూర్చుంటూనే ఎలుకల క్షేమం అడుగుతాడు.

"ఏటి బావా, నా అన్నదమ్ములెలాగున్నారు?"

"నీకన్నా సుబ్బరంగున్నారు."

"ఉండరేటి మరి! ఆలకి ఏసీ, టైముకి మేత, వారం వారం తూకం. మా అక్క నన్నెప్పుడైనా తూసిందేటి?"

"నిన్ను తుయ్యాలంటే లారీలు తూసే కాటాకి తోలుకెళ్ళాల," అంది కనకరత్నం వంటింట్లోంచి.

"మాస్కెట్టుకోమంటే ఇనవు గదా," అన్నాడు గురునాథరావు.

"ఎట్టుకుంటే మావోలు కొత్త పెళ్ళికూతురొచ్చిందని నవ్వుతారు బావా. ముందు నీ ఎలకల్ని సెప్పనీ. ఆలకి గెడ్డలొచ్చినాయంటే అప్పుడు సూద్దాం. ఆల మాటే నాకు ఫైనలు."

అప్పటినుంచి గురునాథరావుకు ఆ ఎలుకలు ఎలుకల్లా కనబడలేదు. ప్రతిదీ సత్యం మొహమే పెట్టుకుని మీసాలు ఆడించేది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఊళ్ళో బొట్టు తప్పించుకునే యంత్రం ఉండదు. స్టీలుప్లాంటు క్రేన్ల దగ్గర్నుంచి వన్ టౌన్ ఆటోల దాకా అన్నిటికీ పసుపు కుంకాలే. గురునాథరావు తలంటు పోసుకుని ఎలుకల గదికి వెళ్ళాడు. తూకం మెషిన్‌కు బొట్టు పెట్టాడు. గాజుపెట్టెకు పెట్టాడు. ఏసీకి పెట్టాడు, చీపురుకూ పెట్టాడు. తోటి ఉద్యోగి దేవీప్రసాద్ నిమ్మకాయలు కోస్తూ వేళాకోళానికి అన్నాడు.

"అన్నిటికీ ఎట్టినావు. అసలు పని సేసేవి ఎలకలు. ఆటికి నేదేటి?"

వేళాకోళాన్ని గురునాథరావు భక్తిగా తీసుకున్నాడు. నిజమే కదా, వీటికన్నా పనిముట్టు ఏముంది? థిన్నర్ పీల్చే ఎలుకలు మూడు, మంచి గాలి పీల్చేవి మూడు తెచ్చి, దుర్గమ్మ పటం ముందు ఒక స్టీలు తొట్టిలో పెట్టాడు. కలిసిపోతాయన్న భయం ఆయనకు లేదు. థిన్నర్ వాటికి తోక మొదట్లోనూ, మంచి గాలి వాటికి నడినెత్తినా చెరగని పసుపుపచ్చ రంగు మచ్చ వేసి ఉంటుంది. ఆరింటికీ తడి పసుపు బొట్లు పెట్టి, హారతి వెలిగించి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. మనసులో చాలా కోరికలున్నాయేమో, కాస్త ఎక్కువసేపే మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఎలుకలు ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటున్నాయి. శుభ్రం మాటేమో గానీ, పసుపు ఒంటినిండా పట్టించుకున్నాయి. నలుగు పెట్టుకుని కూర్చున్న పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి ఆరూ. నెత్తి పచ్చన, వీపు పచ్చన, తోక పచ్చన. తడి దూదితో తుడిస్తే పసుపు ఇంకాస్త పాకింది.

"ఓలమ్మో," అన్నాడు గురునాథరావు.

దేవీప్రసాద్ తొంగిచూసి, నవ్వు ఆపుకున్నాడు. "కంగారెందుకు? మూడిటు, మూడటు ఏసెయ్. ఎలకలొచ్చి సాచ్చికం సెప్తాయేటి?"

గురునాథరావు కుడిచేత్తో ఒకటి, ఎడంచేత్తో ఒకటి పట్టుకున్నాడు. కుడిచేతిది థిన్నర్‌దే అయ్యుంటుందనిపించింది. మరుక్షణం ఎడంచేతిది అనిపించింది. థిన్నర్ పీల్చిన ఎలుక మంచి గాలి బోనులోకి పోయి, రేపు దాని కడుపులో గడ్డ బయటపడితే? మంచి గాలికీ గడ్డలొచ్చాయి, థిన్నర్ తప్పేమీ లేదంటారు. సత్యం మీసం దువ్వి, "సూసినావా బావా," అని ఓడ కడుపులోకి దిగిపోతాడు. అలా అనుకోగానే చేతుల్లో ఎలుకలు రెండూ బరువెక్కాయి. వాటిని తొట్టిలోకి దించి, మేడంకు ఫోన్ చేశాడు.

ఆ పరీక్షకు పెద్ద యశస్విని మేడం. పండగకు విజయవాడ పుట్టింటికి వెళ్ళింది.

"మేడం, రెండు రకాల ఎలకలూ కలిసిపోనాయండి. ఆరు."

"ఎలా కలిసిపోయాయండీ?"

"బొట్టెట్టినాను మేడం."

"దేనికి?"

"ఎలకలకి."

"కుంకం కూడానా?"

"లేదండి. పసుపొకటే."

"అంతవరకూ నయం," అంది మేడం. నవ్విందో తిట్టుకుందో ఆయనకు అర్థం కాలేదు. "ఆ ఆరూ ఇంక పరీక్షలోకి రావు. వేరే గదిలో పెట్టండి. మిగతావాటితో నడుస్తుంది. మీరు అంచనాకు సర్దేసి ఊరుకుంటే మాత్రం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు గురునాథరావు గారూ, ఆ లెక్కే నమ్మేదాన్ని. సరే, సెలవులయ్యాక కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ సంగతి మీరే చెప్పాలి. మీ నోటితోనే."

చెప్పాడు. హాలునిండా కొత్త పిల్లలు. చెమటలు కక్కుతూ అంతా చెప్పాక, వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి చాలా వినయంగా అడిగింది: "సార్, నైవేద్యం ఏం పెట్టారు?"

ఆ ఆదివారం సత్యం గుమ్మంలోంచే అందుకున్నాడు. దేవీప్రసాద్ ఈ కబురు పోర్టు దాకా మోసేశాడు మరి.

"బావా, నా అన్నదమ్ములకి పెళ్ళి సేసేసినావంట! నాకు సుబలేక నేదేటి?"

కనకరత్నం పులుసు వడ్డిస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. గురునాథరావు అన్నం కలుపుతూ తల ఎత్తలేదు.

"మూడిటు, మూడటు ఏసెయ్యమన్నాడు దేవీప్రసాద్. ఏసెయ్యగలను. ఆల మాటే ఫైనలన్నావు గదా నువ్వు. ఆల నోట అబద్ధం పలికిత్తే, నమ్మీవోడివి నువ్వే."

సత్యం నవ్వు సగంలో ఆగింది. చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు.

"ఇంకెన్నాళ్ళు బావా, ఆలు సెప్పడానికి?"

"వొచ్చే దసరా దాటాల."

"అందాకా... ఆ మాస్కేదో ఇలగ తే."

"మీవోలు నవ్వుతారన్నావు గదేటి?"

"నవ్వనీ. ఎంత నవ్వినా నిన్ను నవ్వినంత నవ్వుతారేటి!"

గొర్లె పైడితల్లి, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు ఉండేది వన్ టౌన్‌లో, చిన్నకూతురి ఇంట్లో.