ఊ కొట్టని తమ్ముడు

మా తమ్ముడికి బడిలో పెట్టిన పేరు ‘ఎందుకు’. ముప్పై ఏళ్ళొచ్చినా ఆ పేరు వాడిని వదల్లేదు, వాడూ దాన్ని వదల్లేదు. ఇద్దరం కలిసి నడిపే టైర్ల షాపులో పంక్చర్లు నేను వేస్తాను, ప్రశ్నలు వాడు వేస్తాడు. అవతల లారీ డ్రైవరు గంట నుంచి మొహం మాడ్చుకుని నిలబడి ఉంటే, "అక్కా, ట్యూబులో గాలి బయటి గాలి కంటే బరువా?" అంటాడు. "ముందు ఆ బోల్టు బిగించి చావు" అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని దాచుకునే ఓపిక కూడా నాకు లేదు.

వాడి ప్రశ్నలన్నింటిలోకీ పెద్దది ఊరి చివర పాత రాళ్ళ క్వారీలో ఉంది. మా నాన్న అక్కడ క్రేను నడిపేవాడు. ఒకరోజు అడుగున రాయి పగిలి నీళ్ళు తన్నుకొచ్చాయట. నాన్న ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కాడు, క్రేను కింద ఉండిపోయింది. అది ఆయన చెప్పిన మాట. క్రేను అంతకు ముందే మాయమైందని, నీళ్ళు సాకుగా దొరికాయని మిగతావాళ్ళ మాట. నాన్న పోయి పన్నెండేళ్ళయినా మాది ఇంకా ‘క్రేను మింగినవాళ్ళ ఇల్లే’. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నేను నాలుగు తిట్టి మర్చిపోతాను. తమ్ముడు మాత్రం "కిందికెళ్ళి చూస్తే తేలిపోతుంది కదా" అన్నాడు.

మొదట మొక్కలకు నీళ్ళు పట్టే పైపు తెచ్చాడు. ఒక కొసను ఖాళీ డబ్బాకు కట్టి నీళ్ళ మీద తేలేలా చేశాడు, రెండో కొస నోట్లో పెట్టుకున్నాడు. షాపు వెనక ట్యూబులు ముంచి చూసే సిమెంటు తొట్టి ఉంది. అందులో పావుగంట సేపు మునిగి కూర్చుని, బొటనవేలు పైకెత్తి చూపించాడు. క్వారీలో మనిషి లోతుకు దిగేసరికి మాత్రం అరనిమిషంలో పైకి తేలాడు, కళ్ళు బైర్లు కమ్మి.

"పైపు బాగానే ఉందక్కా. ఛాతీయే తెరుచుకోవట్లేదు. నువ్వొచ్చి గుండెల మీద కూర్చున్నట్టుంది."

"నేనంత బరువుంటానట్రా?"

"నువ్వు కాదు, నీళ్ళు. ఇంకా పొడుగు పైపు వేస్తే?"

"నువ్వు వదిలిన గాలి ఆ పైపులోనే ఉండిపోయి, మళ్ళీ నువ్వే పీలుస్తావు. ఎంగిలి గాలి."

నిజం చెప్పొద్దూ, అక్కడితో నా బుర్రను కూడా పురుగు తొలవడం మొదలుపెట్టింది. మీద అంత బరువుంటే గాలి తనంతట తాను లోపలికి ఎందుకు వెళ్తుంది? లారీ టైరుకు వాల్వు తెరిచి పెడితే గాలి నిండుతుందా? తొయ్యాలి. ఆ మాటే పైకి అన్నాను, అని నాలుక కరుచుకున్నాను. అప్పటికే వాడి చూపు మూలనున్న కంప్రెసరు మీద పడింది.

రోడ్డు మీద ఆగిపోయిన లారీల దగ్గరికి తోసుకెళ్ళే చిన్న పెట్రోలు కంప్రెసరు అది. రెండు చక్రాల బండి మీద ఉంటుంది. రంగులు కొట్టేవాళ్ళ దగ్గర మాస్కు ఒకటి సంపాదించి, వాడు దానికి గొట్టం బిగించాడు. నేను తెల్లగుడ్డ ఒకటి తెచ్చి ఆ గొట్టం మూతికి అయిదు నిమిషాలు పట్టుకున్నాను. గుడ్డ మీద గోధుమరంగు మరక తేలింది. మాడిన నూనె వాసన కొట్టింది.

"ఇది టైరుకి పట్టే గాలిరా. టైరుకి ఊపిరితిత్తులు ఉండవు."

"మధ్యలో దూది పెడతా."

"పెట్టు. దూది ఎవరి ముక్కులో పెడతారో తెలుసుగా."

సరిగ్గా అప్పుడే మునకల తాత తన మూడు చక్రాల స్కూటరుకు గాలి పట్టించుకోవడానికి వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు వంతెన స్తంభాల కింద, నీళ్ళలో పనిచేసిన మనిషి. ఒకసారి తొందరపడి పైకి వచ్చినందుకు రక్తంలో బుడగలు పుట్టి తుంటి పాడైంది, ఉద్యోగం పోయింది. తమ్ముడి మాస్కును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు.

"నూనె సంగతి మీ అక్క చెప్పింది. ఇంజను పొగ కంప్రెసరు గాలి పీల్చుకునే మూతి దగ్గరికి తిరిగిందనుకో, నీకు తెలియను కూడా తెలీదు అబ్బాయ్. కాస్త తల బరువు, కాస్త మత్తు, అంతే. సరే, అడుగున ఉండగా ఇంజను ఆగిపోయింది. ఏం చేస్తావు?"

"ఊపిరి బిగబట్టి పైకొచ్చేస్తా."

తాత సీటు మీద నుంచి సగం లేచాడు. "అదీ! అన్నింటికంటే ముందు చంపేది అదే."

మా ఇద్దరికీ అర్థం కాలేదు. నీళ్ళలో ఊపిరి బిగబట్టకపోతే ఇంకెక్కడ బిగబడతారు? తమ్ముడికి ఈత నేర్పింది నేనే. వాడికి ఏడేళ్ళు, నాకు పదమూడు. "నీళ్ళలో ఊపిరి వదిలావంటే వీపు విమానం మోత మోగిపోద్ది" అని తల పట్టుకుని ముంచేదాన్ని. వాడు బుగ్గలు బూరెల్లా పెట్టుకుని పైకి లేచేవాడు. వాడు ఎందుకని అడగకుండా నేర్చుకున్న పని అదొక్కటే.

తాత మాటలతో వదిలిపెట్టలేదు. పల్చటి ప్లాస్టిక్ కవరును గొట్టం కొసకు గట్టిగా కట్టించాడు, గాలి వెనక్కి రాకుండా మధ్యలో ట్యూబు వాల్వు పెట్టించాడు. కంప్రెసరు బండి తోసుకుంటూ ముగ్గురం క్వారీకి వెళ్ళాం. కవరుకు రాయి కట్టి అయిదారు నిలువుల లోతుకు దించి, అక్కడ దాంట్లోకి గాలి ఎక్కించి, మెల్లగా పైకి లాగాం. నీళ్ళలో తెల్లగా కనపడింది. లాగేకొద్దీ ఉబ్బింది. ఇంకా రెండు మూరలు ఉందనగా టప్పుమని పేలిపోయింది. తమ్ముడి చేతికి ఉత్త పేలికలు వచ్చాయి.

"లోతులో నిండిన గాలి పైకొచ్చేకొద్దీ పెరుగుతుంది" అన్నాడు తాత. "నువ్వు పైన పీల్చి, మునిగి, పైకి తేలితే ఊపిరి బిగబట్టొచ్చు. కింద పీలిస్తే మాత్రం వదులుతూ రావాలి. నోరు మూశావా, ఆ కవరే నువ్వు."

"వదులుతూనే ఉన్నానని నాకెలా తెలుస్తుంది?"

"ఊ అంటూ రా. పైకి తేలేదాకా ఊ అంటూనే ఉండు. ఊ అన్నంతసేపూ గాలి పోతూనే ఉంటుంది."

నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు పడుకునే ముందు వాడికి కథ చెప్పేదాన్ని. వానకు భయపడే గొడుగు కథ. వాడు ఊ కొట్టాలి, ఊ ఆగితే నిద్రపోయాడని నేనూ కళ్ళు మూసుకునేదాన్ని. అది ఆరేళ్ళ దాకానే. ఆ తర్వాత ఊ పోయి ఎందుకు వచ్చింది. ఎవరేం చెప్పినా ఇక ఊ కొట్టలేదు.

ఒక ఒప్పందం పెట్టుకున్నాం. సిమెంటు తొట్టిలో వాడు మాస్కుతో మునిగి ఉంటే, నేను చెప్పకుండా గాలి కట్టేస్తాను. పదికి పదిసార్లూ వాడు ఊ అంటూ లేస్తే, తాత దగ్గరుండి సరైన సామానుతో దింపే మాట అప్పుడు ఆలోచిద్దాం. మొదటిసారి కట్టేశాను. బుడగలు ఠక్కున ఆగిపోయాయి. వాడు బుగ్గలు బూరెల్లా పెట్టుకుని లేచాడు. రెండోసారీ అంతే. వారం రోజులు అలాగే చేశాం. ముందే చెప్పి కడితే చక్కగా ఊ అంటాడు, చెప్పకుండా కడితే మాత్రం ఏడేళ్ళ పిల్లాడైపోతాడు.

"నేనేం చెయ్యనక్కా, నోరు దానంతట అదే మూసుకుపోతోంది."

ఆ మాట నన్ను గుచ్చింది. వాడి నోరు మూసింది నేనే. నేను నేర్పినదే వాడిని చంపుతుందని తెలిశాక నాకు అన్నం సయించలేదు. "ఈ ముచ్చట ఇంతటితో సరి" అన్నాను. కంప్రెసరు బండి చక్రంలోంచి గొలుసు దూర్చి, స్తంభానికి కట్టి, తాళం వేసి, చెవి నా దగ్గర పెట్టుకున్నాను.

ఆదివారం భోజనం చేసి షాపుకు వెళితే, గొలుసుకు చక్రం వేలాడుతోంది. కంప్రెసరు లేదు. టైర్ల షాపులో పెరిగినవాడికి చక్రం విప్పడం ఎంత పని? నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంటూ క్వారీ దాకా పరిగెత్తాను.

ఇంజను శబ్దం దూరం నుంచే వినిపించింది. గట్టు మీద ఒక్క మనిషి లేడు. వాడి చెప్పులు, చొక్కా, రాయికి కట్టిన తాడు, నీళ్ళలోకి దిగిన గొట్టం మాత్రం ఉన్నాయి. నీళ్ళ మధ్యలో బుడగలు వస్తున్నాయి. తీసేసిన చక్రం బదులు చిన్నది తగిలించడంతో బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. వాడు ఇంజనును గాలివాలు చూసుకునే పెట్టి ఉంటాడు. కానీ మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పొగంతా కంప్రెసరు పీల్చుకునే మూతి మీదికి కొడుతోంది.

ఇంజను ఆపుదామని చెయ్యి చాచాను. చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆపితే కింద వాడికి గాలి ఆగుతుంది. చెప్పకుండా గాలి ఆగితే వాడేం చేస్తాడో వారమంతా చూశాను. ఆపకపోతే పొగ తాగుతూ అక్కడే మత్తుగా కూలబడతాడు. నా జన్మలో అంత భయపడలేదు.

బండికి భుజం ఆనించి ఎత్తాను. ఆ చిన్న చక్రం రాళ్ళలో ఇరుక్కుని ఒక పట్టాన కదల్లేదు. తమ్ముడినీ, చక్రాన్నీ, క్రేనునూ, అందరినీ కలిపి తిడుతూ మొత్తానికి తిప్పాను. పొగ అటు తిరిగింది. తర్వాత తాడు అందుకుని మూడుసార్లు లాగాను. మూడు లాగితే పైకి రమ్మని తొట్టి దగ్గర అనుకున్న గుర్తు. జవాబు లేదు. మళ్ళీ మూడు లాగాను. చాలాసేపటికి తాడు అటు నుంచి నీరసంగా ఒకసారి కదిలింది.

నా బతుకంతా బుడగలు చూడడమే. ట్యూబును తొట్టిలో ముంచుతాను, బుడగ కనిపిస్తే చిల్లి దొరికినట్టు. బుడగ రాకపోతే అంతా బాగున్నట్టు. ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని, బుడగలు ఆగకూడదని నీళ్ళను బతిమాలుకున్నాను. అవి మెల్లగా గట్టు వైపు జరిగాయి. వాడు లేస్తున్నాడు. ఇంతలో గొట్టం ఎక్కడ మడత పడిందో, బుడగలు ఆగిపోయాయి.

"ఊ కొట్టరా!" అని అరిచాను. నీళ్ళకు చెవులుంటాయా అని ఆలోచించే తీరిక ఎక్కడ? "అనగనగా ఒక గొడుగు! ఆ గొడుగుకు వానంటే భయం! ఊ కొట్టరా వెధవా, ఊ కొట్టు! మబ్బు పట్టిందంటే తలుపు చాటున దాక్కునేది..."

ఒక బుడగ వచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత గుప్పున ఒక తెల్లటి గుంపు వచ్చింది. నేను కథ ఆపలేదు. గొడుగు దాక్కుంది, వాన వచ్చింది, గొడుగును వెతుక్కుంటూ ఇంటివాళ్ళు మూలమూలా తిరుగుతున్నారు. నీళ్ళు చీల్చుకుని వాడి తల పైకి వచ్చింది. మాస్కు జారి మెడలో ఉంది. నోరు సున్నాలా చుట్టి ఉంది. ఊపిరంతా అయిపోయినా, సన్నగా, బొంగురుగా "ఊఁ...." అంటూనే ఉన్నాడు.

జుట్టు పట్టుకుని గట్టు మీదికి లాగాను. రెండు చెంపలూ వాయించి, తర్వాత గుండెకు హత్తుకుని ఏడ్చాను. వాడు తల పట్టుకుని నా ఒళ్ళోనే వాంతి చేసుకున్నాడు.

ఆసుపత్రిలో వాడి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టారు. అందులో వచ్చేది అచ్చమైన ఆక్సిజన్. ఒంట్లో చేరిన పొగ పోవాలంటే కొన్ని గంటలు కదలకుండా పీల్చాలని, ఇంకో పది నిమిషాలు కింద ఉంటే మాట వేరుగా ఉండేదని డాక్టరమ్మ చెప్పింది. మునకల తాత స్కూటరు మీద వచ్చి, గుమ్మంలో నిలబడి వాడిని చూసి వెళ్ళిపోయాడు. నేను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. తిట్టడం మొదలుపెడితే గంట పట్టింది. ప్రతి మాటకూ మాస్కులోంచి "ఊ" అన్నాడు. ఎందుకు అని ఒక్కసారి కూడా అనలేదు.

తిట్లు అయిపోయాక, అడగకూడదు అనుకుంటూనే అడిగాను. ఎంతైనా ఆ నాన్నకు నేనూ కూతురినే.

"ఏరా, క్రేను కనిపించిందా?"

"ఊ."

"నిజంగా? నీ కళ్ళతో చూశావా?"

"ఊ."

అనుమానం వచ్చింది. "కనిపించలేదు కదూ?"

"ఊ."

వాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. క్రేను మాట రేపు అడగొచ్చు, ఎల్లుండి అడగొచ్చు. స్టూలు మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరిపి, "అనగనగా ఒక గొడుగు" అన్నాను.

"ఊ" అన్నాడు.

నాకు నిద్ర రాలేదు. వాడి ఊ ఆగినప్పుడల్లా వంగి, మాస్కు మీద ఊపిరి ఆవిరి పడుతోందో లేదో చూసి, కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.