పచ్చ గాజుల శోకం

కమలాదేవికి ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే అసహ్యం. కొడుకు పదో దినం. బొగ్గు లారీ నడిపే గౌతమ్ భూపాలపల్లి దారిలో బండి బోల్తాపడి పోయాడు. తొర్రూరు పక్కనున్న ఆ ఊళ్లో, ఆమె వాకిట్లో, వాడి ఫ్లెక్సీ నిలువెత్తున నిలబడింది. వాడి పక్కనే, వాడికంటే పెద్దగా, చేతులు జోడించిన రాజేశ్ ఫొటో. రాజేశ్ ఆమె బావగారి కొడుకు. సర్పంచ్ కావాలని ఏడాదిగా తహతహలాడుతున్నాడు. చావింట్లో కూడా వాడికి ఓట్లే కనిపించాయి. ఛీ, ఏం పుట్టుక!

ఆమెను లోపల తినేస్తున్న బెంగ మాత్రం వేరే. కోడలు మమత. వార్త తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల కంట్లో ఒక్క చుక్క రాలేదు. మాట లేదు. ముద్ద నోట్లో పెడితే మింగకుండా అలాగే ఉంచుకుంటుంది. మహబూబాబాద్ దవాఖానలో నిద్రమాత్రలిచ్చి, ఏడవనివ్వండి, ఏడిస్తే తేరుకుంటుంది అన్నారు. ఏడవొద్దని ఆపిందెవరు? ఇలాగే ఉంటే కొడుకు వెనకే కోడలూ దక్కకుండా పోతుందని కమలాదేవి భయం.

రాజేశ్ పాటల బృందాన్ని పిలిపించాడు. దినాలకు పాట కట్టి పాడేవాళ్లు. మనిషెత్తు సౌండు బాక్సులు, రంగు లైట్లు. ముందు కుర్చీలు నాయకులకు. పోయిన ఎన్నికల నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీల ఆడవాళ్లు టెంటు కింద చెరో పక్క కూర్చున్నారు. గాజులమ్మే రహీమాబీకి ఎవరూ చోటు చూపలేదు. గౌతమ్‌ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన ఆ ముసలామె గేటు దగ్గర నేల మీద కూలబడింది.

బృందం నాయకుడు మైకు పట్టుకుని గొంతెత్తాడు. "జనగామ గడ్డ ముద్దుబిడ్డా, మా కనకయ్యన్నా!"

పక్కవాడు మోచేత్తో పొడిచాడు. అతను సిగ్గుపడకుండా "మా గౌతమన్నా" అని మార్చుకుని పాడుకుంటూ పోయాడు. జనగామలో ఎవరో కనకయ్యకు పాడిన పాటే ఇది. కమలాదేవికి తన కొడుక్కి ఎవరో తిని లేచిన విస్తరిలో వడ్డించినట్టు అనిపించింది.

అది చాలనట్టు ఫోను పట్టుకున్న మనిషొకడు మమత మొహం మీదికి వంగాడు. "అక్కా, లైవ్ పోతాంది. జర ఏడువరాదే."

కమలాదేవి లేచి వెళ్లి బాక్సుల వైరు పట్టి ఒక్క గుంజు గుంజింది.

"చిన్నమ్మా, ఏంది గిది? నలుగుర్ల ఇజ్జత్ తీస్తున్నవ్!" అని రాజేశ్ ఉరికొచ్చాడు.

"సచ్చినోని పక్కన ఫొటో పెట్టుకున్నోనివి, నీకేం ఇజ్జత్ రా? నా కొడుకు పేరు తెల్వనోళ్లతోని ఏడిపిస్తవా? థూ!"

అప్పుడు గేటు దగ్గర సన్నగా రాగం లేచింది. రహీమాబీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, పాత ఆడవాళ్లు ఏడ్చినట్టు, చనిపోయినవాణ్ణి వరస పెట్టి పిలుస్తూ శోకం అందుకుంది. అలాగే నడిచొచ్చి మమత మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"ఓ కొడుకా గౌతమూ... పెండ్లానికి పచ్చ గాజులే కావాలని నా గంప కాడ లొల్లి వెడితివి గద కొడుకా... ఎర్రయి ఇస్తె ఇసిరేస్తివి గద కొడుకా... మాపటికొస్తనని మాట తప్పితివి గద కొడుకా..."

ఒక పక్క నుంచి ఒకామె "కొడుకా" అని గొంతు కలిపింది. అవతలి పార్టీ ఆమె ఆగలేకపోయింది. మమత తన చేతుల వైపు చూసుకుంది. ఆ గాజులు పొద్దునే తీసేశారు. నోరు తెరిచి తనూ రాగం అందుకుంది.

"సైజు తక్కువ తెచ్చి... సబ్బు రాసి ఎక్కిస్తివి గద బావో... చెయ్యి గీరుకపోతె నోటితోని ఊదితివి గద బావో... ఇయ్యాల ఎవలూదుతరు బావో..."

ఆ ఏడుపు ఆగలేదు. ఆడవాళ్లు చాపలు దాటి వచ్చి ఒకరి మెడ ఒకరు పట్టుకున్నారు. రాజేశ్ కమలాదేవి చెవి దగ్గరికి వచ్చాడు. "మస్తుంది చిన్నమ్మా. మైకు దగ్గర పెట్టమంటవా?"

ఆమెకు తిట్టడానికి కూడా రోత పుట్టింది. అంతలో మమత తలెత్తి, గీరుకుపోయిన గొంతుతో, "అత్తా, ఆకలైతాంది" అంది.

"ఇన్నవా? మైకు ఆడ వడేసి, నా కోడలికి గింత అన్నం పట్కరా పో," అంది కమలాదేవి.

వాడు తెచ్చాడు కానీ అడుగు పెట్టే సందు లేదు. పళ్లెం రెండు పార్టీల చేతులు మారుతూ వచ్చింది. కమలాదేవి ముద్ద కలిపి పెట్టింది. మమత మింగింది.

కమలాదేవి ఆ గొంతు కదలడం కళ్లారా చూసింది. ఇన్ని రోజులూ అందరినీ అసహ్యించుకుంటూ తానూ ఏడవలేదని అప్పుడు తెలిసింది. ఎంగిలి చేత్తోనే రహీమాబీ మెడ పట్టుకుని, "ఓ కొడుకా" అంది.